చప్టా కింద ఎనిమిది అంగుళాలు

మంచినీళ్ళ సీసాని అంచుదాకా నింపి, మూత బిగించి ఫ్రీజర్లో పెట్టి మర్చిపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. గాజుసీసా అయితే తెల్లారేసరికి పగిలి ఉంటుంది. ప్లాస్టిక్ సీసా అయితే పొట్ట ఉబ్బి, నిలబడలేక పక్కకి ఒరిగి ఉంటుంది. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం పెరుగుతుంది మరి! ఇప్పుడు ఇంటి చుట్టూ ఉన్న నేలంతా నాలుగు నెలలపాటు అలాంటి ఫ్రీజర్లో ఉందనుకోండి. ఆ నేల మీద పరిచిన రాళ్ళ గతి ఏమిటి?

"మే నెల ఎండలకి మేం మాడిపోతుంటే మాకెందుకమ్మా నీ మంచు గొడవ?" అనకండి. మీలో ఎంతోమంది పిల్లలు ఇవాళ అమెరికాలో, కెనడాలో ఇళ్ళు కొనుక్కుంటున్నారు. మీరూ వెళ్ళి ఆర్నెల్లు ఉండి వస్తున్నారు. "పెరట్లో నాలుగు రాళ్ళు పరచడానికి అన్ని వేల డాలర్లా? మన మేస్త్రీ అయితే రెండు రోజుల్లో పరిచేసి పోతాడు" అని ఫోన్లో కోప్పడే అమ్మలూ, అత్తగార్లూ నాకు బాగా తెలుసు. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో, అసలు ఎక్కడికి పోవాలో తెలుసుకుంటే కోప్పడాల్సిన చోటే కోప్పడవచ్చు. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

మేముండేది అమెరికాకి ఉత్తరాన మిన్నెసోటా రాష్ట్రం, మినియాపోలిస్ నగర శివారు. ఇక్కడ జనవరి రాత్రుల సగటు చలి సున్నాకి 13 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. మైనస్ 25 దాకా దిగే రాత్రులూ ఉంటాయి. ఏడాదికి సగటున 50 అంగుళాల పైచిలుకు మంచు కురుస్తుంది. ఇల్లు కట్టేవాళ్ళు పునాదిని కనీసం 42 అంగుళాల లోతుకు దింపాలని నిబంధన. రాష్ట్రంలో ఉత్తరభాగానికి వెళితే అది 60 అంగుళాలు. అంటే మూడున్నర అడుగుల నించి అయిదడుగులు! చలి అంత లోతుకు దిగి మట్టిని రాయిలా చేస్తుందన్నమాట.

మేం ఈ ఇల్లు కొన్నది 2017 వేసవిలో. మామయ్యగారు పోయాక మావారు పట్టుబట్టి అత్తయ్యని ఇక్కడికి తీసుకొచ్చారు. ఆవిడది పల్నాడు. పిల్లలు బడికి, మావారు ఆఫీసుకి వెళ్ళాక ఇంట్లో మేమిద్దరమే. అత్తయ్యకి కారు నడపడం రాదు, ఇంగ్లీషు రాదు. వాకిట్లో నిలబడితే పలకరించే మనిషి ఉండదు. వారానికోసారి మేపుల్ గ్రోవ్‌లో ఉన్న గుడికి వెళ్తే అదే పండగ. ఆవిడకంటూ ఇక్కడ మిగిలిన సొంతచోటు ఒక్కటే. పెరటి తలుపు తీయగానే ఉండే చప్టా. ఇక్కడివాళ్ళు పాటియో అంటారు. పన్నెండడుగుల వెడల్పు, పదహారడుగుల పొడవు. ఆ వేసవంతా పొద్దున్నే అక్కడ ముగ్గు వేసేది, తులసికుండీలో నీళ్ళు పోసేది, జూలై ఎండలో వడియాలు పెట్టి కర్ర పట్టుకుని ఉడతల్ని అదిలిస్తూ కూర్చునేది. నాకు కూడా ఆ చప్టా మీదే ఆవిడతో మాటలు కలిశాయి.

అది మాకు ముందున్నవాళ్ళు ఎవరిచేతో వేయించుకున్నది. బూడిదరంగు సిమెంటు పేవర్లు, పైకి ముచ్చటగానే ఉండేవి. 2018 ఏప్రిల్ నెల మధ్యలో పెద్ద మంచుతుఫాను వచ్చింది. అది కరిగిన వారానికి అత్తయ్య బియ్యం కడిగిన నీళ్ళు గులాబీ మొక్కకి పోద్దామని తలుపు తీసుకుని బయటికి అడుగేసింది. చలికాలంలో పక్కనున్న రాళ్ళకంటే ముప్పావు అంగుళం పైకి లేచిన ఒక రాయి అంచు కాలికి తగిలింది. కుడిచేతి మణికట్టు విరిగింది. ఆరువారాలు కట్టు.

కట్టు విప్పాక చెయ్యి బాగయింది, మనిషి మాత్రం బాగవలేదు. తలుపు అద్దంలోంచి పెరట్లోకి చూస్తూ కూర్చునేదే గాని గడప దాటేది కాదు. ఒకరోజు మావారితో, "నన్ను ఊరికి పంపించెయ్యరా నాయనా. అక్కడ ఎవరున్నా లేకపోయినా, నేలన్నా తెలిసిన నేల" అంది. ఆ మాట విన్న రోజున మావారు అన్నం సరిగ్గా తినలేదు.

చప్టా బాగుచేయించాలని ఇద్దరు కాంట్రాక్టర్లని పిలిచాం. మొదటాయన వచ్చి, పైనించి చూసి, "రాళ్ళు తీసి, కింద రెండంగుళాలు కొత్త ఇసుక పోసి, సమంగా మళ్ళీ పరుస్తాను. రెండు రోజుల పని" అన్నాడు. రెండో ఆయన అలా కాదు. ఒంగుని రెండు రాళ్ళు ఊడదీశాడు. చేతిపారతో కింద తవ్వి చూపించాడు. వేలెడు మందం ఇసుక, దాని కింద ఏకంగా తడితడిగా మెత్తటి ఒండ్రుమట్టి. కంకర అన్నదే లేదు. "ఈ మట్టి తీసెయ్యాలి. ఎనిమిది అంగుళాలు కంకర పోసి గట్టిగా దట్టించాలి. అయిదు రోజుల పని" అన్నాడు. ఆయన చెప్పిన ఖరీదు మొదటాయన అడిగినదానికి మూడు రెట్లు!

మావారు లెక్కలు వేసుకుంటూ, "పూర్తయ్యాక రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కదా. కంటికి కనిపించని దానికి అంత డబ్బా?" అన్నారు. ఆ డబ్బుకి ఉన్న దారీ ఒక్కటే. వంటింట్లో అరిగి, మరకలు పడిపోయిన గట్టు మార్పించుకుందామని నేను దాచినది. నా మనసు ఎటు లాగిందో మీకు చెప్పాలా? ఏ ఆడదానికైనా రోజుకి ఆరుగంటలు నిలబడే చోటు కదా అది.

తీర్పు చెప్పింది అత్తయ్య. ఆవిడ ఊరు చుట్టూ నల్లరేగడి. వానాకాలం తాగి ఉబ్బుతుంది, ఎండాకాలం ఎండి చెయ్యి దూరేంత నెర్రెలు ఇస్తుంది. దాని మీద కట్టిన గోడలు ఏటా కదులుతాయి. "మీ మామయ్య ఇల్లు కట్టేప్పుడు పునాది గోతుల్లో ఆ నల్లమట్టంతా తోడించారు. బండ్లకొద్దీ ఇసుక పోయించి, నీళ్ళు పెట్టించి, దిమ్మిసలు కొట్టించారు. డబ్బంతా గోతిలో పోస్తున్నాడని ఊళ్ళో నవ్వారు. నవ్వినవాళ్ళ గోడలు పగుళ్ళిచ్చాయి, మనవి ఇవ్వలేదు. పైన మాచర్ల బండలే పరిచాం, ఇప్పటికీ ఒక్కటి కదల్లేదు. రోగం మట్టిదైతే మందు రాయికి వేస్తారా?" అంది.

ఇంకేముంది? వంటింటి గట్టు వెనక్కి వెళ్ళింది, పెరటి చప్టా ముందుకొచ్చింది.

అయిదు రోజులూ నేను కిటికీ దగ్గర నిలబడి, మధ్యమధ్య బయటికి వెళ్ళి అడిగి, తర్వాత కుదిరినప్పుడల్లా చదివి తెలుసుకున్నవన్నీ చెబుతాను వినండి.

మొదట చెప్పిన ఫ్రీజరు సీసా ఉంది చూశారూ, అది సగం సంగతే. మట్టిలో ఉన్న కాసిని నీళ్ళు 9 శాతం పెరిగినంత మాత్రాన నేల అంగుళాలకొద్దీ లేవదు. మరి లేపేదేమిటి? దక్షిణ కెరొలినా విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ టేబర్ అనే భూగర్భశాస్త్రవేత్త ఉండేవారు. 1929, 1930 సంవత్సరాల్లో ఆయన దీని గుట్టు బయటపెట్టారు. మట్టిని నీటికి బదులు బెంజీన్ అనే ద్రవంతో తడిపి గడ్డకట్టించారు. బెంజీన్ గడ్డకడితే పెరగదు సరికదా, కుంచించుకుపోతుంది. అయినా మట్టి ఉబ్బింది! అంటే ఉబ్బుకి కారణం వ్యాకోచం ఒక్కటే కాదు. చలి దిగిన చోట మట్టిలో మంచు పొర ఒకటి ఏర్పడుతుంది. ప్రమిదలో వత్తి నూనెని పైకి పీల్చుకున్నట్టు, ఆ పొర కింద ఉన్న మట్టిలోంచి నీటిని పీల్చుకుంటూ తాను లావెక్కుతుంది. నీళ్ళు అందినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటుంది. తన మీదున్న మట్టినీ, రాళ్ళనీ, మెట్లనీ ఎత్తేస్తుంది.

దీనికి మూడు కలవాలి. గడ్డకట్టే చలి, కింద నీళ్ళు, ఆ నీటిని వత్తిలా పీల్చే మట్టి. మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఉబ్బు రాదు. చలిని మనం ఆపలేం. నీటిని తప్పించగలం, మట్టిని మార్చగలం. మంచుదేశాల్లో రాళ్ళు పరిచే విద్య అంతా ఈ రెండే!

ఒండ్రుమట్టి అన్నిటికంటే చెడ్డది. రేణువులు సన్నగా ఉండి నీటిని చకచకా పైకి లాగుతుంది. కంకరలో అలాకాదు. రాళ్ళ మధ్య సందులు పెద్దవి కనక నీరు పైకి ఎక్కదు, కిందికి జారిపోతుంది. బియ్యప్పిండిలో చెంచాడు నీళ్ళు పోస్తే ముద్దవుతుంది. శనగల్లో పోస్తే గిన్నె అడుక్కి దిగుతుంది. తేడా అంతే.

ఇక మార్చి నెల సంగతి. పైపైన మంచు కరుగుతుంది గాని, కింద నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. కరిగిన నీటికి దిగే దారి లేక పైమట్టి బురదవుతుంది. ఆ రోజుల్లో దాని బలం సగానికి సగం పోతుంది. ఏటా వసంతంలో మిన్నెసోటా ప్రభుత్వం చాలా రోడ్ల మీద లారీల బరువుకి పరిమితి పెట్టేది ఇందుకే. సర్కారు వేసిన రోడ్డుకే అంత భయమైతే, రెండంగుళాల ఇసుక మీదున్న మన చప్టా ఎంత?

మరి పునాది 42 అంగుళాలు తవ్వాలంటే, చప్టాకీ అంత తవ్వాలా? అక్కర్లేదు. ఇల్లు కదలకూడదు కాబట్టి దాని కాళ్ళు చలి అందని లోతులో ఉంటాయి. చప్టా అలా కాదు. రాయికీ రాయికీ మధ్య సందు ఉంటుంది కనక కాస్త కదిలినా పగలకుండా సర్దుకుంటుంది. సిమెంటుతో ఒకే పలకగా పోస్తే అప్పడంలా ఎక్కడో ఒకచోట విరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత నెదర్లాండ్స్‌లో ఇటుకలు చాలక, వీధుల్లో వాటి బదులు సిమెంటు దిమ్మలు పరచడం మొదలుపెట్టారట. అక్కణ్ణించే ఈ పేవర్లు లోకమంతా పాకాయి. ఇప్పుడు మన ఊళ్ళలో బస్టాండుల ముందు, గుళ్ళ ముందు పరుస్తున్నవీ ఇవే. ఒక్క జాగ్రత్త. చప్టా రాళ్ళని ఇంటిగోడకి సిమెంటుతో అతికించకూడదు. కదలని ఇల్లూ, కదిలే చప్టా ఎవరి దారిన వాళ్ళుండాలి.

పనికి ముందు చెయ్యాల్సినది ఒక ఫోను. నేలలో కరెంటు తీగలు, గ్యాసు గొట్టాలు ఉంటాయి కదా. అమెరికా అంతటా 2007 నించి 811 అనే నంబరుంది. తవ్వడానికి కొన్ని రోజుల ముందు చెబితే మనుషులొచ్చి నేల మీద రంగులు చల్లి గుర్తులు పెట్టి వెళ్తారు. కరెంటుకి ఎరుపు, గ్యాసుకి పసుపు, మంచినీటికి నీలం, టెలిఫోనుకి నారింజ, మురుగుకి ఆకుపచ్చ. మనం డబ్బు కట్టక్కర్లేదు. రంగులు చూసి అత్తయ్య, "హోలీ ఆడి పోయారేమిటే?" అంది. చాలా రోజులకి ఆవిడ నోట వచ్చిన హాస్యం అది.

మొదటిరోజు తవ్వకం. పేవరు మందం 60 మిల్లీమీటర్లు, అంటే రెండంగుళాల మీద మరికాస్త. దాని కింద ఇసుక ఒక అంగుళం. దాని కింద కంకర 8 అంగుళాలు. మొత్తం పదకొండున్నర అంగుళాలు. మా చప్టాకి తీసిన మట్టి సుమారు ఏడు క్యూబిక్ గజాలు! గట్టి ఇసుకనేల అయితే చప్టా కింద నాలుగంగుళాల కంకర చాలంటారు. చలి ఎక్కువై, నేల తడిగా, మెత్తగా ఉంటే మరో రెండు నించి నాలుగంగుళాలు కలపాలి. మాకు మొత్తం ఎనిమిది అయింది.

తవ్విన అడుగుని యంత్రంతో దట్టించి, దాని మీద జియోటెక్స్‌టైల్ అనే గుడ్డ పరిచారు. నీటిని పోనిస్తుంది, మట్టిని పైకి రానివ్వదు. అది లేకపోతే బురదరోజుల్లో కంకర మట్టిలోకి దిగిపోతుంది, మట్టి కంకరలోకి ఎక్కుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఎనిమిదంగుళాల మందం తగ్గిపోతుంది.

కంకర అంటే నదిలో నున్నటి గులకరాళ్ళు కావు. అవి గోళీల్లా దొర్లుతాయి. క్రషర్లో కొట్టిన, మూలలు తేలిన కంకర కావాలి. ముప్పావు అంగుళం రాళ్ళ నించి సన్నరవ్వ దాకా అన్ని సైజులూ కలిసి ఉంటే ఒకదాని సందులో ఒకటి కూర్చుంటుంది. మరీ మెత్తటి ధూళి మాత్రం ఎక్కువ ఉండకూడదు. ఆ ధూళి మళ్ళీ నీటిని పట్టి ఉంచుతుంది. కంకరంతా ఒకేసారి పోసెయ్యకూడదు. నాలుగంగుళాలు పోసి దట్టించాలి, మళ్ళీ నాలుగు పోసి దట్టించాలి. కాస్త తడి కూడా ఉండాలి. సున్నుండకి నెయ్యి చాలకపోతే ఉండ కట్టదు, ఎక్కువైతే జారిపోతుంది. కంకరకీ తడి అంతే. మన దిమ్మిసకి బదులు ఇక్కడ ప్లేట్ కంపాక్టర్ అనే యంత్రం ఉంటుంది. అది నడుస్తుంటే వంటింట్లో గ్లాసులు గలగలలాడాయి.

కంకర రాళ్ళ అంచు దగ్గర ఆగకూడదు. కనీసం దాని మందమంత, అంటే ఎనిమిది అంగుళాలు, అవతలికి సాగాలి. అంచుకట్టుకి ఆధారం అదే. చాప అంచు కుట్టు ఊడితే పుల్లలన్నీ ఎలా విడిపోతాయో మీకు తెలుసు. పేవర్లకీ నాలుగువైపులా గట్టి అంచుపట్టీ పెట్టి, జానెడు పొడుగు మేకులు కంకరలోకి దిగేలా కొట్టాలి.

వాలు మరీ ముఖ్యం. ఇంటినించి బయటివైపు అడుగుకి పావు అంగుళం చొప్పున. మా పన్నెండడుగులకి మూడంగుళాలు. ఈ వాలు అడుగు మట్టిలోనే మొదలుకావాలి. పైన ఇసుక ఎక్కువతక్కువలు పోసి వాలు తెస్తే ఆ ఇసుక కుంగుతుంది. చూరునీళ్ళు దిగే గొట్టం మా చప్టా మూల దగ్గరే వదిలేది. దాన్ని పొడిగించి దూరంగా గడ్డిలోకి మళ్ళించారు. నీళ్ళని తప్పించగలం అన్నాను చూడండి, అదే ఇది.

ఆ మీదట ఒక అంగుళం ఇసుక. కాంక్రీటులో వాడే కడిగిన గరుకు ఇసుక మాత్రమే. రాతిపొడి చవగ్గా దొరుకుతుందని కొందరు వేస్తారు. అది నీటిని పట్టుకుని కూర్చుంటుంది, వద్దనండి. కొబ్బరి బర్ఫీని పళ్ళెంలో పోసి అట్లకాడతో సర్దినట్టు, పొడుగు బద్దతో ఇసుకని లాగి నున్నగా చేశారు. ఆపైన దాన్ని తొక్కకుండా రాళ్ళు పేర్చుకుంటూ పోయారు.

రాళ్ళలోనూ తేడాలున్నాయి. అమెరికా ప్రమాణం ప్రకారం పేవరు చదరపు అంగుళానికి సగటున 8,000 పౌండ్ల ఒత్తిడికి ఆగాలి. సగటున 5 శాతానికి మించి నీరు పీల్చకూడదు. తక్కువ నీరు తాగే రాయే చలికి పెచ్చులూడకుండా నిలుస్తుంది. రంగు చూసేముందు ఈ సంగతి అడగండి.

చివర్న సందుల్లో ఇసుక. జిగురు కలిపిన పాలిమర్ ఇసుక అని ఒకటి వస్తుంది. రాళ్ళు పూర్తిగా ఆరాక సందుల్లో ఊడ్చి, యంత్రం నడిపి కూరి, పైన ధూళి మిగలకుండా శుభ్రం చేసి, అప్పుడు సన్నగా నీళ్ళు చల్లాలి. ధూళి మిగిలితే రాయి మీద తెల్లపొరలా అంటుకుపోతుంది. ఆ తర్వాత ఒక రోజన్నా వాన ఉండకూడదు. గడ్డకట్టిన నేల మీద ఈ పనులేవీ చెయ్యకూడదు కాబట్టి ఇక్కడ మే నించి అక్టోబరు లోపు చేయించుకుంటే మేలు.

కారు వెళ్ళే దారికైతే లెక్క మారుతుంది. గట్టినేల మీదే కంకర ఆరంగుళాలు ఉండాలి. మా లాంటి చోట్ల పది, పన్నెండు అంగుళాలు పోస్తారు. రాళ్ళని తిన్నటి వరసల్లో కాక చేపముల్లు అల్లికలో పేర్చాలి. చక్రం తిరిగినా, బ్రేకు పడినా ఆ అల్లిక రాళ్ళని పక్కకి జరగనివ్వదు. ఇంకో విచిత్రం వినండి. మంచు నేలకి దుప్పటిలాంటిది. మంచు ఎత్తేసిన దారి కింద చలి మరింత లోతుకి దిగుతుంది. రోజూ ఊడ్చే చోటుకే కంకర ఎక్కువ కావాలన్నమాట.

చలికాలంలో ఇల్లాలు గుర్తుపెట్టుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మంచు ఎత్తే పారకి ప్లాస్టిక్ అంచు ఉంటే రాయి గీసుకుపోదు. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీలు దాటాక పెద్దగా పనిచెయ్యదు. ఇంకా గుమ్మరిస్తే సిమెంటుకి చేటే తప్ప లాభం లేదు. మెగ్నీషియం క్లోరైడు, కాల్షియం క్లోరైడు రకాలు సిమెంటుని ఇంకా తింటాయి. అమ్మోనియం నైట్రేట్, అమ్మోనియం సల్ఫేట్ ఉన్న ఎరువుల్ని మంచు కరిగించడానికి ఎవరన్నా సలహా చెబితే వినకండి. కాల్షియం మెగ్నీషియం ఎసిటేట్ అనేది మెత్తనిది గాని ఖరీదు. జారకుండా ఉండటానికైతే గరుకు ఇసుక చల్లితే చాలు. మేం అదే చేస్తాం. కొత్త రాళ్ళ మీద మొదటి ఏడాది తెల్లటి పొడిలాంటిది తేలితే కంగారుపడకండి. సిమెంటులో సున్నం బయటికొచ్చింది, అంతే. వానలకి మెల్లిగా పోతుంది.

పని 2018 జూన్ చివరికి అయిపోయింది. రాళ్ళు అవే పాతవి. పిల్లలు చూసి, "కొత్తగా ఏం చేశారు? అలాగే ఉందిగా!" అన్నారు. మావారు నా వంక చూశారు, నేను ఆకాశం వంక చూశాను.

పరీక్ష ఆ చలికాలమే వచ్చింది. 2019 జనవరి 30న మినియాపోలిస్‌లో చలి మైనస్ 33 డిగ్రీల సెల్సియస్‌కి దిగింది. ఆ వెంటనే ఫిబ్రవరిలో 39 అంగుళాల మంచు పడింది. ఈ ఊరి లెక్కల్లో ఫిబ్రవరి నెలకి అది రికార్డు. ఏప్రిల్లో మంచంతా కరిగాక మావారు రసమట్టం పట్టుకుని బయటికి వెళ్ళారు. పొడుగు బద్ద మీద దాన్ని పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని మూలమూలా చూశారు. పక్కపక్క రాళ్ళ మధ్య కాలికి తగిలే అంచు ఒక్కటీ లేదు.

అత్తయ్యకి రసమట్టంతో పనిలేదు. తలుపు దగ్గర కాసేపు నిలబడింది. చెయ్యి అందిద్దామని నేను ముందుకు వెళ్తే, "ఉండవే" అని ఆపింది. ఒక కాలు బయటపెట్టి, రాయిని పాదంతో నొక్కి చూసింది. రెండోది పెట్టింది. గోడ పట్టుకోకుండా ఈ చివర నించి ఆ చివరకి నడిచి, తిరిగొచ్చి, "కుర్చీ పట్రా" అంది. ఊరికి వెళ్ళిపోతానన్న మాట ఆ తర్వాత ఆవిడ నోట రాలేదు. ఏటా ఒకసారి వెళ్ళి చూసొస్తుంది, అది వేరు. నా వంటింటి గట్టు మాత్రం ఇంకా ఆ పాతదే. మరకల మీద పళ్ళెం బోర్లిస్తే కనిపించదు లెండి!

కాంట్రాక్టరుని అడగాల్సినవి కాగితం మీద రాసుకోండి. ఎన్ని అంగుళాలు తవ్వుతారు? కంకర ఎంత మందం, ఎన్ని పొరలుగా దట్టిస్తారు? కింద గుడ్డ వేస్తారా? వాలు ఎటు, అడుగుకి ఎంత? చూరునీళ్ళు ఎక్కడికి పోతాయి? అంచుకట్టు దేని మీద నిలుస్తుంది? ఈ జవాబులన్నీ ఒప్పంద కాగితంలో రాసి ఇమ్మనండి. రాయి రంగుల పుస్తకం తర్వాత తెరవచ్చు.

ఈసారి మీ అమ్మాయో, అబ్బాయో ఫోన్ చేసి, "పెరట్లో రాళ్ళు పరిపిస్తున్నామమ్మా" అంటే ఖరీదెంత అని వెంటనే అడక్కండి. కింద ఎన్ని అంగుళాలు కంకర పోయిస్తున్నారో అడగండి. రేపు ఆ రాళ్ళ మీద నడవబోయేది మీరే కావచ్చు.